హెవీ ఫెర్మియాన్ కొలతల్లో తేడా వస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

సీరియం, యురేనియం, ఇట్టెర్బియం సమ్మేళనాలను అతి తక్కువ ఉష్ణోగ్రతల్లో కొలవడం కొత్తగా మొదలుపెట్టిన విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను. ఈ పదార్థాల్లో ఎఫ్-ఎలక్ట్రాన్లు గది ఉష్ణోగ్రత దగ్గర చిన్న చిన్న అయస్కాంతాల్లా, దేనికది తన పరమాణువును పట్టుకుని ఉంటాయి. చల్లబడే కొద్దీ కోండో ప్రభావం వల్ల వాహక ఎలక్ట్రాన్లతో కలిసిపోతాయి. చివరికి మామూలు ఎలక్ట్రాన్ కంటే వందల రెట్లు బరువున్నట్టు ప్రవర్తించే ఎలక్ట్రాన్ల లోహం తయారవుతుంది. హెవీ ఫెర్మియాన్ అనేది అందుకే. రాగిలో ఎలక్ట్రాన్ల విశిష్టోష్ణ గుణకం గామా సుమారు 0.7 మిల్లీజౌల్ (ఒక మోల్‌కి, కెల్విన్ వర్గానికి). సీరియం-కాపర్-సిలికాన్ 122లో (పేర్లలోని అంకెలు పరమాణువుల పాళ్ళు) అదే గుణకం 1000 దగ్గర ఉంటుంది.

ఈ బరువైన ఎలక్ట్రాన్లే ఒకవైపు అయస్కాంత క్రమంలోకి, ఇంకోవైపు అతివాహకతలోకి వెళ్ళాలని చూస్తాయి. ఆ రెండు స్థితుల మధ్య శక్తి తేడా చాలా స్వల్పం. కొంచెం పీడనం, కొంచెం ఎక్కువ రాగి, స్ఫటికంలో చిన్న ఒత్తిడి, ఏదైనా సరే శాంపిల్‌ను ఇటు నుంచి అటు నెట్టగలదు. అందుకే కొలతలో వింత కనిపిస్తే, సిద్ధాంతం వెతుక్కునే ముందు నేను వేయమనే ప్రశ్న ఒకటే: ఈ సంకేతం శాంపిల్ మొత్తం నుంచి వస్తోందా, అందులో ఏదో ఒక మూల నుంచి వస్తోందా? కింద రాసిన సమస్యల్లో చాలావాటికి దారి ఈ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది.

నిరోధం సున్నాకి పడిపోయింది, విశిష్టోష్ణంలో మాత్రం ఏమీ కనబడడం లేదు

అందరికీ ముందుగా ఎదురయ్యే సమస్య ఇదే. నిరోధం గ్రాఫ్ నిట్టనిలువుగా సున్నాకి దిగుతుంది, ల్యాబ్‌లో అందరూ సంతోషపడతారు, వారం తర్వాత కెలోరిమీటర్‌లో పెడితే ఆ ఉష్ణోగ్రత దగ్గర గీత చదునుగా ఉంటుంది.

కారణం సూటిగా ఉంది. కరెంటుకి ఒక్క దారి దొరికితే చాలు. ఒక కాంటాక్ట్ నుంచి ఇంకో కాంటాక్ట్ దాకా సన్నని అతివాహక తంతువు ఒకటి ఉంటే, మిగతా 99 శాతం మామూలు లోహమే అయినా వోల్ట్‌మీటర్ సున్నా చూపిస్తుంది. ఏసీ ససెప్టిబిలిటీని, అంటే చిన్న డోలన క్షేత్రానికి శాంపిల్ అయస్కాంతపరంగా ఎంత స్పందిస్తుందో చెప్పే కొలతని, కూడా పూర్తిగా నమ్మకూడదు. పై పొర మాత్రమే అతివాహకం అయితే అది లోపలి భాగాన్నంతా కప్పేసి, మొత్తం శాంపిల్ మారినట్టు చూపిస్తుంది. విశిష్టోష్ణంలో ఆ వీలు లేదు. అక్కడ సంకేతం పరిమాణం మారిన పదార్థం పరిమాణాన్ని బట్టే ఉంటుంది.

ముందు అనుమానించాల్సింది ఫ్లక్స్‌ని, అంటే స్ఫటికాలు పెంచడానికి వాడే కరిగిన లోహాన్ని. కోబాల్ట్ 115, రోడియం 115, ఇరిడియం 115 అని పిలుచుకునే స్ఫటికాలను (సీరియం, ఆ లోహం, ఇండియం 1:1:5 పాళ్ళలో ఉన్నవి) కరిగిన ఇండియంలో పెంచుతారు. ఇండియం తనంతట తానే 3.4 కెల్విన్ దగ్గర అతివాహకం. యురేనియం-బెరీలియం 13ని అల్యూమినియంలో పెంచుతారు, అల్యూమినియం 1.2 కెల్విన్ దగ్గర అతివాహకం. తగరం అయితే 3.7, సీసం అయితే 7.2. కాబట్టి మీ గ్రాఫ్‌లో 3.4 దగ్గర మెట్టు కనిపిస్తే కొత్త పదార్థం దొరికిందని ఎవరికైనా చెప్పే ముందు మీరు వాడిన లోహాల పట్టిక ఒకసారి చూడండి. కాంటాక్టులకు వాడిన సోల్డర్ కూడా ఆ పట్టికలో ఉండాలి. చాలామంది దాన్నే మరచిపోతారు.

తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష అయస్కాంత క్షేత్రం. ఇండియం అతివాహకత పరమ శూన్యం దగ్గర కూడా సుమారు 28 మిల్లీటెస్లాకే చచ్చిపోతుంది. అల్యూమినియానికి 10, తగరానికి 30, స్వచ్ఛమైన సీసానికి 80 మిల్లీటెస్లా చాలు. బరువైన ఎలక్ట్రాన్ల అతివాహకత ఇంత తేలిగ్గా పోదు. ఎలక్ట్రాన్ బరువు పెరిగితే కొహెరెన్స్ పొడవు (జతకట్టిన ఎలక్ట్రాన్ల జత పరిమాణం) తగ్గుతుంది, దాంతో అది తట్టుకునే క్షేత్రం పెరుగుతుంది. కోబాల్ట్ 115 అతివాహక ఉష్ణోగ్రత 2.3 కెల్వినే అయినా, క్షేత్రాన్ని సి-అక్షం వెంట పెడితే సుమారు 5 టెస్లా, అడ్డంగా పెడితే 12 టెస్లా దాకా నిలుస్తుంది. కాబట్టి 0.1 టెస్లా పెట్టి మళ్ళీ కొలవండి. మెట్టు పూర్తిగా మాయమైతే అది ఫ్లక్స్. దాదాపు కదలకుండా ఉంటే ముందుకు వెళ్ళండి. ఒక్క జాగ్రత్త: సీసం-తగరం సోల్డర్ లాంటి మిశ్రమాలు, స్ఫటికం పగుళ్ళలో ఇరుక్కున్న పలుచటి ఇండియం పొరలు స్వచ్ఛ లోహం కంటే ఎక్కువ క్షేత్రాన్ని తట్టుకుంటాయి. అందుకే ఒకే క్షేత్రంతో సరిపెట్టకుండా మూడు నాలుగు క్షేత్రాల్లో కొలిస్తే మేలు.

ఇండియం అని తేలితే స్ఫటికాన్ని పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కొద్దిసేపు ఉంచి కడగండి. ఎక్కువసేపు ఉంచితే ఆమ్లం స్ఫటికాన్ని కూడా తింటుంది. లోపల ఇరుక్కున్నది ఆమ్లంతో పోదు. స్ఫటికాన్ని చీల్చి, ముక్కలను మైక్రోస్కోప్ కింద చూసి, మెరిసే చుక్కలు లేని ముక్కను ఎంచుకోవాలి. సోల్డర్ బదులు బంగారు తీగను స్పాట్ వెల్డ్ చేయండి లేదా సిల్వర్ పెయింట్ వాడండి. యురేనియం-బెరీలియం శాంపిల్ అయితే మామూలు గదిలో చీల్చడం, నూరడం వద్దే వద్దు. బెరీలియం ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం, దానికి తగిన గ్లవ్ బాక్స్ ఉన్నచోటే ఆ పని చేయాలి.

ఇప్పుడు దీనికి ఎదురు వైపు. 1975లో బెల్ ల్యాబ్స్ పరిశోధకులు యురేనియం-బెరీలియం 13లో 1 కెల్విన్‌కి కాస్త కింద అతివాహకత చూశారు. చూసి, లోపల పేరుకున్న యురేనియం తంతువుల వల్ల వచ్చిందని అనుకుని పక్కన పెట్టేశారు. 1983లో హాన్స్ ఓట్, జాకరీ ఫిస్క్, జేమ్స్ స్మిత్ తదితరులు అదే పదార్థంలో విశిష్టోష్ణం కొలిచి, సుమారు 0.9 కెల్విన్ దగ్గర పెద్ద మెట్టు చూపించారు. సంకేతం మొదటి నుంచీ శాంపిల్ మొత్తానిదే. అంటే మలినం అన్న అనుమానాన్ని కూడా కొలిచి రుజువు చేయాలి, ఊహతో వదిలేయకూడదు.

మన దేశంలో జరిగిన కథ ఇంకా బాగుంటుంది. అది హెవీ ఫెర్మియాన్ పదార్థం కాదు, కానీ పాఠం సరిగ్గా ఇక్కడిదే. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఇట్రియం-నికెల్-బోరాన్ శాంపిల్‌లో 12 కెల్విన్ దగ్గర చిన్న అతివాహక సంకేతం కనబడింది. శాంపిల్‌లో కొద్ది భాగానిదే అది. వాళ్ళు దాన్ని చెత్తగా పారేయలేదు, ఆ కొద్ది భాగం ఏమిటో వెతికారు. అందులో కార్బన్ ఉందని తేలింది. కావాలనే కార్బన్ కలిపితే సంకేతం శాంపిల్ మొత్తానిదైంది. 1994లో వెలువడిన ఆ పని నుంచే బోరోకార్బైడ్ల కుటుంబం బయటికి వచ్చింది. హోల్మియం, ఎర్బియం ఉన్న బోరోకార్బైడ్లలో అయస్కాంత క్రమం, అతివాహకత ఒకే స్ఫటికంలో కలిసి ఉంటాయి.

ఇరిడియం 115 లాంటి మొండి ఘటాలు కూడా ఉన్నాయి. అందులో నిరోధం 1.2 కెల్విన్ దగ్గర సున్నా అవుతుంది, విశిష్టోష్ణం మెట్టు 0.4 దగ్గర వస్తుంది. ఎంత శుభ్రం చేసినా ఈ తేడా పోదు. ఇలాంటప్పుడు రెండు ఉష్ణోగ్రతలూ రాయండి, ఏది దేని నుంచి వచ్చిందో చెప్పండి. ఎక్కువగా ఉన్నదాన్ని మాత్రమే శీర్షికలో పెట్టడం న్యాయం కాదు.

మెట్టు ఉంది, కానీ ఎంత ఉంటే చాలో తెలియడం లేదు

మెట్టు ఎత్తును గామాతోనూ, అతివాహక ఉష్ణోగ్రతతోనూ భాగించండి. బీసీఎస్ అనే ప్రామాణిక సిద్ధాంతం వర్ణించే మామూలు అతివాహకంలో ఆ నిష్పత్తి 1.43. మీకు 1 దగ్గరలో వస్తే బరువైన ఎలక్ట్రాన్లే జతకట్టాయని ధైర్యంగా అనవచ్చు. 0.05 వస్తే శాంపిల్‌లో చిన్న భాగం మాత్రమే మారినట్టు. కోబాల్ట్ 115లో ఇది 4.5 దాకా ఉంటుంది, అక్కడ జతకట్టే బలం ఎక్కువ.

1979లో ఫ్రాంక్ స్టెగ్లిష్, సహచరులు సీరియం-కాపర్-సిలికాన్ 122 గురించి వాదించింది ఇదే. ఆ రోజుల్లో అయస్కాంత పరమాణువులు అతివాహకతకు విషం అని అందరి నమ్మకం. లాంథనంలో ఒక శాతం గడోలినియం కలిపితే చాలు, అతివాహకత పోతుంది. అలాంటిది ప్రతి యూనిట్‌లోనూ ఒక సీరియం పరమాణువు ఉన్న పదార్థం అర కెల్విన్ దగ్గర అతివాహకం అవుతుందంటే నమ్మేవాళ్ళు తక్కువ. వాళ్ళ బలం రెండు విషయాల్లో ఉంది. ఒకటి, మెట్టు ఎత్తు ఆ పెద్ద గామాకి తగ్గట్టే ఉంది. రెండు, సీరియం బదులు లాంథనం పెట్టి చేసిన పదార్థంలో అతివాహకతే లేదు. మీ కొత్త పదార్థానికీ లాంథనం జోడీని తయారు చేసి కొలవండి. ఫోనాన్ల (స్ఫటికం కంపనాల) వాటా తీసేయడానికి అది ఎలాగూ కావాలి.

ఎంట్రోపీ లెక్క కూడా వేయండి. అతివాహక ఉష్ణోగ్రత దాకా విశిష్టోష్ణాన్ని ఉష్ణోగ్రతతో భాగించి కూడితే, అతివాహక స్థితికీ మామూలు స్థితికీ ఒకే విలువ రావాలి. రాకపోతే మీరు తీసేసిన నేపథ్యంలో తప్పుంది.

ఒకే ఫార్ములా, రెండు శాంపిల్స్, రెండు జవాబులు

ఇక్కడ కాస్త నిలబడి చూడాలి, ఎందుకంటే ఈ రంగం చరిత్రలో సగం గొడవలు దీని వల్లే వచ్చాయి. సీరియం-కాపర్-సిలికాన్ 122నే తీసుకోండి. ఒక ల్యాబ్ శాంపిల్ అతివాహకం, ఇంకో ల్యాబ్ శాంపిల్ యాంటీఫెర్రోమాగ్నెట్ (పక్కపక్క పరమాణు అయస్కాంతాలు ఎదురెదురు దిశల్లో నిలిచేది), మూడో దాంట్లో రెండూ పోటీ పడతాయి. తర్వాత తేలిందేమిటంటే, ఈ పదార్థం అయస్కాంతత్వం అంతరించే క్వాంటమ్ క్రిటికల్ బిందువుకి ఆనుకుని ఉంది. రాగి కాస్త ఎక్కువైతే అతివాహక రకం, దీన్ని ‘ఎస్’ (S) రకం అంటారు. రాగి కాస్త తక్కువైతే అయస్కాంత రకం, దాన్ని ‘ఏ’ (A) రకం అంటారు. మధ్యలో ఉన్నది ‘ఏ/ఎస్’ (A/S). ఈ తేడాలు మామూలు ఎక్స్-రే పౌడర్ పరీక్షకు దాదాపు అందవు.

సిద్ధాంతవేత్త డోనియాక్ 1977లో గీసిన చిత్రం గుర్తుంచుకోండి. ఎఫ్-ఎలక్ట్రాన్‌కీ వాహక ఎలక్ట్రాన్‌కీ మధ్య బంధం బలహీనంగా ఉంటే అయస్కాంత క్రమం గెలుస్తుంది, బలంగా ఉంటే కోండో గెలుస్తుంది. రెండూ సరిసమానంగా ఉన్నచోట లాటిస్ పరిమాణంలో ఇసుమంత తేడా కూడా ఫలితాన్ని తిప్పేస్తుంది. మనకు ఆసక్తి కలిగించే పదార్థాలన్నీ ఆ చోటే కూర్చుని ఉన్నాయి.

చేయాల్సింది ఏమిటంటే, ఒక్క శాంపిల్ మీద తీర్పు చెప్పకుండా వరుస తయారు చేయడం. ప్రారంభ మిశ్రమంలో రాగిని కొద్దికొద్దిగా మారుస్తూ నాలుగైదు బ్యాచ్‌లు పెంచండి, ప్రతిదానికీ విశిష్టోష్ణం, నిరోధం రెండూ కొలవండి. అన్నిటినీ ఒకే ఉష్ణోగ్రత దగ్గర, ఒకే కాలం అనీల్ చేయండి (వేడిలో ఉంచి స్ఫటికంలోని ఒత్తిళ్ళు తగ్గించండి), లేకపోతే దేనివల్ల మారిందో తెలియదు. నిరోధం కొలిచిన ముక్కనే కెలోరిమీటర్‌లో పెట్టండి. ఒకే బ్యాచ్ కదా అని పక్క ముక్కను వాడితే రెండు కొలతలను పోల్చడానికి వీలుండదు.

ఇటీవలి ఉదాహరణ యురేనియం డైటెల్యురైడ్. ఇందులో అతివాహకత 2018 చివర్లో బయటపడింది, 1.6 కెల్విన్ దగ్గర. తొలి శాంపిల్స్‌లో విశిష్టోష్ణం అతివాహక స్థితిలో కూడా సున్నా వైపు పోకుండా, మామూలు స్థితి గామాలో సగం దగ్గర ఆగిపోయేది. ఎలక్ట్రాన్లలో సగం జతకట్టడం లేదేమో అన్న ఆలోచనలు కూడా వచ్చాయి. 2022లో జపాన్ పరిశోధకులు కరిగిన ఉప్పులో స్ఫటికాలు పెంచే పద్ధతి తెచ్చాక అతివాహక ఉష్ణోగ్రత 2.1కి పెరిగింది, ఆ మిగులు గామా బాగా తగ్గిపోయింది. అసలు దోషి యురేనియం ఖాళీలు. కొన్ని పరమాణువులు వాటి స్థానాల్లో లేవు, అంతే.

విశిష్టోష్ణంలో ఒకటి కాదు, రెండు మెట్లు

రెండు అతివాహక దశలా, లేక రెండు రకాల ముక్కలు అతుక్కుని ఉన్న ఒకే శాంపిలా? ఈ రెండు జవాబులకూ నిజమైన ఉదాహరణలు ఉన్నాయి కాబట్టి తొందరపడకూడదు.

యురేనియం-ప్లాటినం 3లో అర కెల్విన్ దగ్గర సుమారు 50-60 మిల్లీకెల్విన్ల తేడాతో రెండు మెట్లు ఉన్నాయని 1989లో చూపించారు. అవి నిజమైనవి. స్ఫటికం నాణ్యత పెరిగే కొద్దీ ఆ రెండు మెట్లు ఇంకా పదునెక్కాయి. సుమారు 3-4 కిలోబార్ పీడనంలో రెండూ కలిసిపోయాయి, అయస్కాంత క్షేత్రంలో రెండు గీతలూ ఒక బిందువు దగ్గర కలుసుకున్నాయి. అక్కడ 5 కెల్విన్ కింద ఉండే అతి బలహీన యాంటీఫెర్రోమాగ్నెటిజం ఈ చీలికకు కారణమని ఎక్కువమంది భావిస్తారు. యురేనియం డైటెల్యురైడ్‌లోనూ కొన్ని శాంపిల్స్ రెండు మెట్లు చూపించాయి, వాటి మీద పెద్ద వాదనలే నిర్మించారు. కానీ అక్కడ మంచి స్ఫటికాలు వచ్చాక ఒకే మెట్టు మిగిలింది.

పరీక్ష ఇదే: శాంపిల్ బాగుపడినప్పుడు రెండు మెట్లు పదునెక్కుతున్నాయా, ఒకటవుతున్నాయా? ఇంకో స్ఫటికం లేకపోతే ఉన్నదాన్నే రెండుగా కోసి విడివిడిగా కొలవండి. రెండు ముక్కల్లో మెట్ల ఎత్తుల నిష్పత్తి వేరుగా వస్తే అది అసమానత. ఒకేలా వస్తే క్షేత్రం పెట్టి రెండు గీతలూ ఎలా కదులుతున్నాయో చూడండి. రెండూ సమాంతరంగా, ఒకే వాలుతో దిగిపోతుంటే నాకైతే ఇంకా అనుమానమే.

న్యూట్రాన్లలో అయస్కాంత భ్రామకం మరీ చిన్నగా వస్తోంది

యురేనియం-రుథేనియం-సిలికాన్ 122 దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. 17.5 కెల్విన్ దగ్గర విశిష్టోష్ణంలో భారీ మెట్టు వస్తుంది, 1.5 కెల్విన్‌కి దగ్గర్లో అతివాహకత వస్తుంది. న్యూట్రాన్లతో చూస్తే భ్రామకం 0.03 బోర్ మాగ్నెటాన్ (పరమాణు అయస్కాంత భ్రామకాన్ని కొలిచే ప్రమాణం) మాత్రమే. అంత చిన్న భ్రామకంతో అంత పెద్ద మెట్టు రావడం లెక్కకు అందదు.

న్యూట్రాన్ పరావర్తనం తీవ్రత భ్రామకం వర్గాన్నీ, అది ఉన్న ఘనపరిమాణాన్నీ గుణించినట్టు ఉంటుంది. రెండిటినీ విడదీసి చెప్పలేదు. ఈ పదార్థాన్ని సుమారు అర గిగాపాస్కల్ దాటి నొక్కితే 0.4 బోర్ మాగ్నెటాన్ల యాంటీఫెర్రోమాగ్నెట్‌గా మారుతుంది. ఆ దశ శాంపిల్‌లో కేవలం అర శాతం పైచిలుకు భాగంలో ఉన్నా, న్యూట్రాన్లకు 0.03 భ్రామకం అంతటా పరుచుకున్నట్టే కనిపిస్తుంది. లెక్క మీరే వేయండి: 0.03ని 0.4తో భాగించి వర్గం చేస్తే 0.0056. ఎన్‌ఎంఆర్ (కేంద్రక అయస్కాంత అనునాదం) కొలతలు ఇదే నిర్ధారించాయి. చిన్న భ్రామకం స్ఫటికంలోని ఒత్తిళ్ళ దగ్గర పుట్టిన ఉపదశది. 17.5 దగ్గరి అసలు క్రమాన్ని ఇప్పటికీ గుప్త క్రమం అనే పిలుస్తున్నారు.

కాబట్టి అతి చిన్న భ్రామకం వస్తే ఎన్‌ఎంఆర్ గానీ, మ్యూఆన్ అనే కణాలను శాంపిల్‌లోకి పంపి చేసే కొలత గానీ జోడించండి. అవి పరమాణువు పక్కన కూర్చుని చూస్తాయి. అంతటా చిన్న క్షేత్రం ఉందా, కొన్నిచోట్ల పెద్ద క్షేత్రం, మిగతాచోట్ల శూన్యం ఉందా అన్నది విడిగా చెబుతాయి. శాంపిల్ హోల్డర్‌కి వేసిన గట్టి జిగురు చల్లబడ్డాక స్ఫటికాన్ని లాగుతుంది. అనీల్ చేసిన స్ఫటికాన్ని అలాంటి జిగురుతో అంటించి మళ్ళీ ఒత్తిడి తెచ్చిపెట్టకండి.

ససెప్టిబిలిటీలో ఎక్కడో ఒక చిన్న బుడిపె

ఇవి త్వరగా తేలిపోయేవి. 115 స్ఫటికంలో 10 కెల్విన్ దగ్గర వంపు వస్తే అది సీరియం-ఇండియం 3 చేరిక, దాని యాంటీఫెర్రో ఉష్ణోగ్రత అదే. యురేనియం శాంపిల్‌లో 30 దగ్గర వస్తే పైపొర ఆక్సైడ్ అయింది, యురేనియం డయాక్సైడ్ 30.8 కెల్విన్ దగ్గర క్రమంలోకి వెళ్తుంది. 45-55 మధ్య గుండ్రటి బుడిపె శాంపిల్‌ది కాదు, ఛాంబర్‌లోకి దూరి గడ్డకట్టిన ఆక్సిజన్‌ది. ఛాంబర్‌ని వెచ్చబెట్టి, ఖాళీ చేసి, హీలియంతో మళ్ళీ మళ్ళీ నింపి తీయండి. గది ఉష్ణోగ్రత దగ్గరే క్షేత్రాన్ని బట్టి ససెప్టిబిలిటీ మారుతుంటే, కోయడానికి వాడిన స్టీలు పనిముట్ల నుంచి ఇనుప రజను అంటింది.

కింది చివర పైకి లేచే తోక మాత్రం కాస్త కష్టం. విడిగా మిగిలిన అరుదైన మృత్తికా మలినాలు అలాంటి తోక ఇస్తాయి. క్వాంటమ్ క్రిటికల్ బిందువు దగ్గర పదార్థం తనంతట తానే కూడా ఇస్తుంది. 2 కెల్విన్ దగ్గర మాగ్నెటైజేషన్‌ని క్షేత్రంతో కొలవండి. ఒకట్రెండు టెస్లాలకు బ్రిల్వాన్ వక్రంలా చదునెక్కుతున్న వాటా మలినానిది.

మైస్నర్ సంకేతం వంద శాతం దాటింది, లేక తలకిందులైంది

మైస్నర్ సంకేతం అంటే అతివాహకం అయస్కాంత క్షేత్రాన్ని బయటికి నెట్టేటప్పుడు వచ్చే సంకేతం. వంద దాటితే భయం వద్దు. 115 స్ఫటికాలు పలుచటి పలకలు. క్షేత్రం పలకకు నిలువుగా ఉంటే డీమాగ్నెటైజేషన్ గుణకం (ఆకారం వల్ల వచ్చే సవరణ) 0.8 దాకా పోవచ్చు, అప్పుడు సంకేతం ఐదు రెట్లు కనిపిస్తుంది. క్షేత్రాన్ని పలక వెంట పెట్టి కొలవండి. మరీ తక్కువగా వస్తే శాంపిల్ పొడిగా ఉందేమో చూడండి. బరువైన ఎలక్ట్రాన్లకు పెనెట్రేషన్ డెప్త్ (క్షేత్రం లోపలికి చొరబడే లోతు) వేల ఆంగ్‌స్ట్రామ్‌లు ఉంటుంది, రేణువు సన్నగా ఉంటే క్షేత్రం లోపలికంటా చొరబడిపోతుంది.

జీరో ఫీల్డ్ కూలింగ్ వక్రం పాజిటివ్‌గా వస్తే అపరాధి అయస్కాంతంలో మిగిలిపోయిన క్షేత్రం. పెద్ద క్షేత్రం నుంచి నేరుగా సున్నాకి దింపితే కొన్ని మిల్లీటెస్లాలు ఇరుక్కుని ఉంటాయి. డోలనంతో, అంటే అటూ ఇటూ తగ్గిస్తూ సున్నాకి తెచ్చి, శాంపిల్‌ని అతివాహక ఉష్ణోగ్రత పైకి వెచ్చబెట్టి, మళ్ళీ చల్లార్చండి.

100 మిల్లీకెల్విన్ కింద విశిష్టోష్ణం తిరిగి పెరుగుతోంది

పరమాణు కేంద్రకాల స్పిన్‌ల వల్ల వచ్చే షాట్కీ వాటా అది. ఇండియం కేంద్రకం స్పిన్ 9/2 కాబట్టి 115లలో ఇది గట్టిగానే ఉంటుంది, క్షేత్రం పెంచితే ఇంకా పెరుగుతుంది. ఉష్ణోగ్రత వర్గానికి విలోమంగా తగ్గుతుందన్న గుర్తుతో దాన్ని ఫిట్ చేసి తీసేయవచ్చు. అయితే గుణకాన్ని ఇష్టం వచ్చినట్టు వదిలేయకండి. క్షేత్రం, కేంద్రక భ్రామకం తెలిసినప్పుడు దాన్ని లెక్కగట్టవచ్చు. ఫిట్ ఇచ్చిన విలువ ఆ లెక్కకు దగ్గరగా లేకపోతే మీరు తీసేస్తున్నది మరేదో.

ఎందుకింత పట్టుదల అంటే, గ్యాప్‌లో (జతను విడగొట్టడానికి కావలసిన శక్తిలో) నోడ్‌లు, అంటే అది సున్నా అయ్యే దిశలు, ఉన్నాయా లేవా అన్న తీర్పు ఈ చివరి కొద్ది మిల్లీకెల్విన్ల మీదే ఆధారపడి ఉంటుంది. సీరియం-కాపర్-సిలికాన్ 122లో గీత నోడ్‌లు ఉన్నాయని ముప్ఫై ఏళ్ళకు పైగా అనుకున్నారు. 2014లో జపాన్ బృందం 40 మిల్లీకెల్విన్ దాకా కొలిస్తే విశిష్టోష్ణం ఘాతీయంగా పడిపోయింది, నోడ్‌ల జాడ లేదు. ఒకటి కంటే ఎక్కువ గ్యాప్‌లు ఉన్నచోట పై ఉష్ణోగ్రతల్లో వక్రం పవర్ లా లాగా నటిస్తుంది. అతివాహక ఉష్ణోగ్రతలో పదో వంతు దాకా డేటా లేకుండా నోడ్ గురించి ఏమీ రాయకపోవడమే మంచిది.

కరెంటు మారిస్తే ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత కదిలిపోతోంది

శాంపిల్ వేడెక్కుతోంది. కాంటాక్ట్ నిరోధం ఒక ఓమ్, కరెంటు ఒక మిల్లీయాంప్ అనుకుంటే అక్కడే ఒక మైక్రోవాట్ పుడుతుంది. థర్మామీటర్ ఉన్న రాగి దిమ్మ 50 మిల్లీకెల్విన్ చూపిస్తూనే ఉంటుంది, శాంపిల్ మాత్రం అంతకు రెండు మూడు రెట్ల దగ్గర ఉండవచ్చు. కరెంటుని 10 మైక్రోయాంప్‌లకు తగ్గిస్తే వేడి పదివేల రెట్లు తగ్గుతుంది. వోల్టేజ్ సంకేతం చిన్నదైనందుకు లాక్-ఇన్ యాంప్లిఫయర్‌తో, తక్కువ ఉష్ణోగ్రతలో పెట్టే ట్రాన్స్‌ఫార్మర్‌తో సర్దుకోవాలి. క్షేత్రాన్ని వేగంగా తిప్పుతూ కొలిచినా ఎడ్డీ కరెంట్లు ఇదే పని చేస్తాయి.

ప్రెషర్ సెల్‌లో ఫలితాలు రెండోసారి రావడం లేదు

ముందు పీడనం ఎంతో సరిగ్గా తెలుసుకోండి. గది ఉష్ణోగ్రతలో బిగించిన పీడనంలో కొంత చల్లారేటప్పుడు పోతుంది, కాబట్టి లోపలే సీసం ముక్క పెట్టి దాని అతివాహక ఉష్ణోగ్రతతో కొలుస్తాం. అది గిగాపాస్కల్‌కి సుమారు 0.37 కెల్విన్ చొప్పున తగ్గుతుంది. ఇక్కడ చాలామంది జారిపోయే చోటు ఒకటి ఉంది. ఇంతకుముందు చెప్పిన మిగులు క్షేత్రం సీసాన్ని కూడా కదిలిస్తుంది. సీసం క్రిటికల్ ఫీల్డ్ ట్రాన్సిషన్ దగ్గర కెల్విన్‌కి సుమారు 22 మిల్లీటెస్లాల వాలుతో ఉంటుంది. 5 మిల్లీటెస్లాలు మిగిలి ఉంటే ట్రాన్సిషన్ సుమారు 0.23 కెల్విన్ కిందికి జరుగుతుంది, మీరు పీడనాన్ని 0.6 గిగాపాస్కల్ ఎక్కువగా చదువుతారు. ఫేజ్ డయాగ్రమ్ మొత్తం తప్పుకి అది చాలు.

సీసం ట్రాన్సిషన్ వెడల్పు పీడనం ఎంత అసమానంగా ఉందో కూడా చెబుతుంది. డాఫ్నీ 7373 నూనె గది ఉష్ణోగ్రతలోనే 2.2 గిగాపాస్కల్ దగ్గర గడ్డకడుతుంది, ఆ తర్వాత శాంపిల్‌ని ఒకవైపు నొక్కినట్టవుతుంది. అంతకు మించి పోవాలంటే ఇంకా పై పీడనం దాకా ద్రవంగా ఉండే మాధ్యమం ఎంచుకోవాలి.

రోడియం 115 దగ్గర మరింత జాగ్రత్త కావాలి. మామూలు పీడనంలో 3.8 కెల్విన్ దగ్గర యాంటీఫెర్రోమాగ్నెట్ ఇది. నొక్కుతూ పోతే సుమారు 1.75 గిగాపాస్కల్ దాకా అయస్కాంతత్వం, అతివాహకత కలిసి ఉంటాయి, ఆ పైన అతివాహకత ఒక్కటే మిగులుతుంది. కలిసి ఉన్న ప్రాంతంలో నిరోధం సున్నా అయ్యే ఉష్ణోగ్రత విశిష్టోష్ణం చెప్పేదాని కంటే పైన ఉంటుంది. 1.75 దాటాక అయస్కాంతత్వం పోయిందని తేల్చేయకండి. క్షేత్రం పెట్టగానే అతివాహకత లోపల అది మళ్ళీ తలెత్తుతుంది. సెల్‌లో ఏసీ కెలోరిమెట్రీ కష్టమే, అయినా ఈ పదార్థానికి అది లేకుండా గీసిన డయాగ్రమ్‌ని నేను నమ్మను.

అయస్కాంతత్వం పీడనంతో అణిగింది, అతివాహకత మాత్రం రావడం లేదు

1998లో కేంబ్రిడ్జి బృందం సీరియం-ఇండియం 3, సీరియం-పల్లాడియం-సిలికాన్ 122లను నొక్కింది. రెండింటి యాంటీఫెర్రో ఉష్ణోగ్రతా 10 కెల్విన్ దగ్గరిదే. మొదటిది 2.5 గిగాపాస్కల్ దగ్గర, రెండోది 2.8 దగ్గర క్రమం కోల్పోయి, సరిగ్గా అక్కడే 0.2, 0.4 కెల్విన్ల దగ్గర అతివాహకం అయ్యాయి. అయస్కాంత స్పందనలే ఎలక్ట్రాన్లను జతకట్టిస్తున్నాయనడానికి అది గట్టి సాక్ష్యం. మీకు రాకపోతే ముందు ఉష్ణోగ్రత చూసుకోండి. 0.3 కెల్విన్ దాకా మాత్రమే వెళ్ళే ఫ్రిజ్‌తో మొదటిది ఎప్పటికీ కనిపించదు.

తర్వాత శాంపిల్ శుభ్రత. మామూలు అతివాహకాల్లో అయస్కాంతం కాని మలినం పెద్దగా హాని చేయదు. ఇక్కడ జత తరంగం దిశను బట్టి గుర్తు మార్చుకుంటుంది కాబట్టి ఏ మలినమైనా జతను విడగొడుతుంది. ఎలక్ట్రాన్ ఢీకొనకుండా పోయే దూరం కొహెరెన్స్ పొడవు కంటే ఎక్కువ ఉండాలి, అంటే అవశేష నిరోధకత కొన్ని మైక్రోఓమ్-సెంటీమీటర్లకు మించకూడదు. బ్యాచ్‌లోని స్ఫటికాలన్నిటికీ ముందే, పీడనం లేకుండా, గది ఉష్ణోగ్రత నిరోధానికీ కింది చివరి నిరోధానికీ నిష్పత్తి కొలిచి, అన్నిటికంటే ఎక్కువ వచ్చినదాన్ని సెల్‌లోకి పంపండి. అప్పటికీ రాకపోతే క్రిటికల్ పీడనం చుట్టూ 0.1 గిగాపాస్కల్ అడుగులతో మళ్ళీ వెతకండి, ఎందుకంటే ఆ అతివాహక ప్రాంతం సన్నగా ఉంటుంది, పెద్ద అడుగులేస్తే దాని మీదుగా దాటిపోతారు.